నాలుగో మడి లెక్క

మైదానంలో ఈల మోగింది.

"వస్తున్నా, వస్తున్నా!" మైక్రోస్కోప్ మీదనుంచి తల ఎత్తకుండానే తూనీగ కిటికీలోంచి అరిచింది.

తూనీగ అన్నది బడిలో పిల్లలు పెట్టిన పేరు. ఆ అమ్మాయికి పదకొండేళ్ళు. ఒకచోట కాలు నిలవదు. అన్నం తింటూ మధ్యలో లేస్తుంది, పాఠం వింటూ మధ్యలో లేస్తుంది. ఆ రోజు గురువారం. మధ్యాహ్నం భోజనాల బెల్లులో రెండు జట్లు తాడు లాగే తాడాట ఫైనల్స్ పెట్టారు. తూనీగ వెళ్ళకపోతే ఆరో తరగతి జట్టులో ఒకరు తక్కువవుతారు.

"ఎన్ని వచ్చాయి నీకు?" పక్క బల్ల దగ్గర కూర్చున్న కుర్రాడు అడిగాడు. అతన్ని అందరూ నిదానం అంటారు. అన్నం మెతుకులు కూడా లెక్కపెట్టి తింటాడని ఎగతాళి చేస్తారు. అతను పట్టించుకోడు.

"చూస్తున్నానుగా!" అంది తూనీగ.

కానీ ఆమెకేమీ కనిపించడం లేదు. అద్దంలో అంతా బూడిదరంగు పొగమంచులా ఉంది. ఫోకస్ కుదరలేదు. పక్కనున్న చిన్న మరను మెల్లగా, చాలా మెల్లగా తిప్పాలి. అప్పుడు పొగ విడిపోయి నీటిచుక్క తేటగా కనిపిస్తుంది. ఆ తర్వాత స్లైడ్‌ను ఎడమనుంచి కుడికి, కుడినుంచి ఎడమకి జరుపుతూ కదిలే ప్రతి ప్రాణికీ కాగితం మీద ఒక గీత గియ్యాలి. అలా ఒక్క చుక్క కాదు, మూడు చుక్కలు చూడాలి.

ఇదంతా సైన్స్ టీచర్ మొదలుపెట్టిన పని.

బడి వెనకాల నాలుగు కూరగాయల మళ్ళున్నాయి. మూడు మళ్ళలో టమాటా మొక్కలు బాగా ఎదిగాయి. నాలుగో మడిలో మాత్రం నారు నాటిన పది రోజులకే పసుపుపచ్చగా అయిపోయి వాలిపోయింది. మళ్ళీ నాటారు. మళ్ళీ వాలిపోయింది.

"మట్టినే అడిగి చూద్దాం," అంది టీచర్. "మట్టిలో కంటికి కనిపించని ప్రాణులు లక్షల్లో ఉంటాయి. వాటి ఒళ్ళంతా కలిపి ఒకే ఒక్క కణం. నోరులాంటి గుంట, పొట్టలాంటి సంచి, ఈదడానికి సన్నని నూగు, అన్నీ ఆ ఒక్క కణంలోనే. మట్టి ఎండిపోతే చుట్టూ గట్టి గుల్ల కట్టుకుని పడుకుంటాయి. తడి తగిలితే లేస్తాయి. ఏ మడిలో ఎన్ని లేస్తాయో చూద్దాం."

నాలుగు మళ్ళనుంచీ మట్టి తెచ్చి, ఆరబెట్టి, నాలుగు గాజు డిష్‌లలో పోశారు. సోమవారం కాచి చల్లార్చిన నీళ్ళతో తడిపారు. గురువారం లెక్క. రెండో మడి నిదానానికి, నాలుగో మడి తూనీగకు వచ్చాయి. మిగతా రెండింటినీ టీచరే ఉదయం లెక్కపెట్టేసింది.

ఈల మళ్ళీ మోగింది. ఈసారి పొడుగ్గా.

"ఓయ్ తూనీగా! నువ్వు రాకపోతే మనల్ని ఓడిపోయినట్టు రాసేస్తారట!" కింద నుంచి ఎవరో కేక పెట్టారు.

తూనీగ ఇంకొక్కసారి అద్దంలోకి చూసింది. అదే పొగమంచు. అందులో ఏదీ కదల్లేదు.

'ఏదీ కదల్లేదంటే ఏదీ లేనట్టేగా,' అనుకుంది.

పెన్సిల్ తీసి మొదటి చుక్క దగ్గర సున్నా పెట్టింది. రెండో చుక్క, మూడో చుక్క ఆమె స్లైడ్ మీద వెయ్యనేలేదు. వాటి పక్కనా సున్నాలు పెట్టింది. కాగితం టీచర్ బల్ల మీద పడేసి మెట్లు రెండేసి దిగుతూ పరిగెత్తింది.

తాడాటలో ఆరో తరగతి గెలిచింది.

* * *

శుక్రవారం పొద్దున టీచర్ పెద్ద అట్ట మీద పట్టిక గీసి గోడకు తగిలించింది. చుక్కకు సగటున మొదటి మడిలో పది, రెండో మడిలో పదకొండు, మూడో మడిలో పన్నెండు. నాలుగో మడికి సున్నా.

టీచర్ ఆ సున్నా దగ్గర వేలు పెట్టి కాసేపు ఆగింది.

"మూడు చుక్కల్లోనూ ఒక్కటి కూడా లేదా?" తూనీగ వైపు తిరిగి అడిగింది. "బాగా చూశావా?"

క్లాసంతా తూనీగ వైపు చూసింది. సరిగ్గా అప్పుడే పెద్ద మేడమ్ లోపలికి వచ్చింది. బడికి ఆవిడే హెడ్మిస్ట్రెస్. పిల్లలంతా లేచి నిలబడ్డారు.

ఇప్పుడు చూడలేదని చెప్పాలంటే పెద్ద మేడమ్ ముందు, క్లాసందరి ముందు చెప్పాలి.

తూనీగ తల ఊపింది. చూశానన్నట్టు.

పెద్ద మేడమ్ పట్టిక దగ్గరికి వెళ్ళి కళ్ళజోడు సరిచేసుకుంది. "నాలుగో మడిలో ఒక్క ప్రాణి కూడా లేదంటే ఏంటర్థం?"

"ఒక్కసారి లెక్కతో ఏదీ తేల్చలేమండీ," అంది టీచర్. "మళ్ళీ చూడాలి."

"గడ్డిమందు పడితే ఇలా అవుతుందా?"

"అవ్వొచ్చు, కాకపోవచ్చు. ఖాయంగా చెప్పలేను."

పెద్ద మేడమ్ మొహం బిగుసుకుంది. "పోయిన నెల ఆ మడి పక్కన దారిలో గడ్డిమందు కొట్టమన్నది నేనే. మడిలో పడకుండా చూడమని మరీ మరీ చెప్పాను. ఆ మళ్ళలో కాసినవి పిల్లలు తింటారు. ఎవరికైనా ఏదైనా అయితే?"

తోటమాలిని పిలిపించారు.

ఆయన గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. కాళ్ళకు బురద ఉందని లోపలికి రాలేదు. పిల్లలంతా ఆయన్ని తాతా అంటారు. చేతిలో చిన్న పార ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే పట్టుకున్నాడు.

"మడిలో మందు పడలేదమ్మా. దారి మీదే కొట్టాను. గాలి లేనప్పుడు చూసి కొట్టాను."

"మరి ఆ మట్టిలో ఒక్క ప్రాణి కూడా ఎందుకు లేదు?"

ఆయన పట్టిక వైపు చూశాడు. చదువు పెద్దగా రాకపోయినా సున్నా ఎవరికైనా తెలుస్తుంది.

"తెలీదమ్మా," అన్నాడు.

"సోమవారం పదింటికి బడి కమిటీ వాళ్ళు వస్తున్నారు. వాళ్ళే తేలుస్తారు. అప్పటిదాకా మళ్ళ జోలికి వెళ్ళకు. మందుల గది తాళంచెవి ఇచ్చెయ్యి."

తాత పార గోడకు ఆనించి, తాళంచెవి కట్టిన నడుం తాడు ముడి విప్పసాగాడు. ముడి గట్టిగా ఉంది. క్లాసంతా చూస్తూ ఉంటే ఆ ముడి విప్పడానికి చాలాసేపు పట్టింది.

తూనీగ డెస్కు మీద చెక్కిన ఎవరిదో పాత గీతను గోటితో గీకుతూ కూర్చుంది. తల ఎత్తలేదు.

* * *

సాయంత్రం బడి వదిలాక సైకిల్ తీసుకోవడానికి వెనకవైపు వెళ్ళింది. తాత కుళాయి దగ్గర కూర్చుని ఉన్నాడు. ఎదురుగా నీళ్ళు పోసే డబ్బాలు నాలుగు వరసగా పెట్టుకున్నాడు. ఒక్కొక్కటీ ఎత్తి మూతి దగ్గర పెట్టుకుని వాసన చూస్తున్నాడు.

తూనీగ చప్పుడు కాకుండా వెళ్ళిపోదామనుకుంది. ఆయన చూడనే చూశాడు.

"పాపా, ఇటు రా. నీది లేత ముక్కు. ఇది వాసన చూడు. మందు వాసన ఏమన్నా తగుల్తోందా?"

తూనీగ డబ్బాలో తలపెట్టింది. తుప్పు వాసన, తడి వాసన తప్ప ఏమీ లేదు.

"ఏం లేదు తాతా."

"నాకూ అలాగే అనిపించింది." ఆయన డబ్బా కింద పెట్టాడు. "కానీ ఎక్కడో నేనే పొరబడి ఉంటాను. మందు కలిపిన డబ్బాతోనే మడికి నీళ్ళు పోశానేమో. అలా చెయ్యలేదనే గుర్తు. కానీ పెద్దవాణ్ణయ్యాను. మతిమరుపొచ్చిందేమో."

"మీరు చెయ్యలేదేమో తాతా..."

"మరి అన్నేసి మొక్కలూ ఊరికే చచ్చిపోవు కదా. మీరంతా అద్దాల్లోంచి చూసి రాశారు. లెక్క ఒకటి చెప్తోంది, నా బుర్ర ఒకటి చెప్తోంది. బుర్రకంటే లెక్కే నయం."

తూనీగ నోరు తెరిచింది. మాట గొంతుదాకా వచ్చింది. 'తాతా, ఆ లెక్క నాదే. నేను అసలు చూడలేదు.' ఇంతే. రెండు ముక్కలు.

"నాకు ట్యూషన్‌కి టైమైంది," అంది. సైకిల్ ఎక్కి తొక్కేసింది.

ఆ రోజు ఆమెకు ట్యూషన్ లేదు.

* * *

ఇంటికెళ్ళేసరికి అమ్మ అప్పటికే వచ్చేసి ఉంది. అమ్మ రక్తపరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తుంది. వంటగదిలో ఒక చేత్తో గిన్నెలు కడుగుతూ, భుజానికీ చెవికీ మధ్య ఫోన్ ఇరికించుకుని మాట్లాడుతోంది.

"లేదండీ. శాంపిల్ గడ్డకట్టింది. అందులో కణాల లెక్క రాదు... కాదండీ, అందాజుగా వెయ్యలేను. రిపోర్టులో 'చెయ్యలేదు' అనే రాశాను. మళ్ళీ రక్తం తియ్యాలి... మీరు కోప్పడండి, పర్లేదు. పొద్దున్నే ఏడింటికి తీసుకురండి, ముందు మీదే చేస్తాను."

ఫోన్ పెట్టేసి, "పాపం, రెండోసారి సూదంటే ఎవరికైనా కోపమే," అని తనలో తాను అనుకుంది.

తూనీగ స్టూలు మీద కూర్చుంది. ఎప్పటిలా కాళ్ళు ఊపలేదు.

"అమ్మా, అందాజుగా వేస్తే ఏమవుతుంది?"

"ఏమవుతుంది? ఆ అంకె చూసి డాక్టర్ మందు రాసేస్తాడు."

"రాస్తే?"

"ఆ మందు మింగేది నేనూ కాదు, డాక్టరూ కాదుగా." అమ్మ గిన్నె బోర్లించి కూతురి వైపు తిరిగింది. "ఏంటే, మొహం అలా వేలాడేశావు? ఎవరితోనైనా పోట్లాడావా?"

"లేదు."

"మరి?"

"ఏం లేదన్నానుగా!"

గట్టిగా అరిచినట్టు వచ్చింది ఆ మాట. అమ్మ కూతురి నుదుటి మీద తడి చెయ్యి పెట్టి జ్వరం ఉందేమో చూసింది. జ్వరం లేదు.

* * *

శనివారం ఒంటిపూట బడి. తూనీగ మొదటి గంటకు అరగంట ముందే ల్యాబ్‌కు వెళ్ళింది. ఒకటే ఆశ. ఇప్పుడైనా సరిగ్గా చూద్దాం. ఒక్క ప్రాణి కనిపించినా చాలు, పరిగెత్తుకెళ్ళి చెప్పెయ్యొచ్చు.

డిష్ మూత తీసింది.

గురువారం పరిగెత్తే తొందరలో మూత సరిగ్గా పెట్టలేదు. మట్టి ఎండిపోయి పెళ్ళలుగా చీలింది. అంచున మాత్రం కాస్త తడి మిగిలింది. దాన్ని డ్రాపర్‌తో పీల్చి స్లైడ్ మీద వేసింది. ఈసారి చిన్న మరను మెల్లగా తిప్పింది. పొగ విడిపోయింది. ఇసుక రేణువులు అద్దపు ముక్కల్లా తేటగా కనిపించాయి.

ఏదీ కదల్లేదు. ఎడమనుంచి కుడికి. కుడినుంచి ఎడమకి. ఏదీ లేదు.

"మళ్ళీ చూస్తున్నావేం?"

ఉలిక్కిపడి తిరిగింది. గుమ్మంలో నిదానం. అతను రోజూ పొద్దున్నే వచ్చి తన డిష్ చూసుకుంటాడు.

తూనీగ ఇక ఆగలేకపోయింది. "నేను గురువారం చూడలేదు. ఊరికే సున్నాలు పెట్టేశాను. ఫోకసే కుదర్లేదు. రెండో చుక్క, మూడో చుక్క వెయ్యనే లేదు."

నిదానం వెంటనే ఏమీ అనలేదు. అతను దేనికీ వెంటనే ఏమీ అనడు. సంచి దించి, బల్ల కింద సర్ది, అప్పుడు అన్నాడు. "అయితే చెప్పెయ్."

"ఏమని చెప్పను? ఇప్పుడు చూస్తే నిజంగానే సున్నా! ఒక్కటీ లేదు! అంటే నేను రాసింది కరెక్టేనేమో. తాత నిజంగానే మందు పోశాడేమో. అలాంటప్పుడు ఊరికే తిట్లు తినడం తప్ప ఇంకేంటి?"

అలా అంటున్నప్పుడు ఒక్క క్షణం ఆమెకు హాయిగా అనిపించింది. ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. సున్నా సున్నాగానే ఉంది.

నిదానం డిష్‌లోకి తొంగి చూశాడు. "ఇది ఎండిన మట్టిలో నువ్వు ఇవాళ చూసిన సున్నా," అన్నాడు. "గురువారం సున్నా వేరు. అది చూడకుండా వేసింది."

తూనీగ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "నువ్వు టీచర్‌కి చెప్తావా?"

"నేనెందుకు చెప్తాను? అది నీ కాగితం."

బయట టీచర్ చెప్పుల చప్పుడు వినిపించింది. తలుపు తీసుకుని పారిపోవచ్చు. లేదా డిష్ మూత పెట్టేసి నవ్వుతూ గుడ్మార్నింగ్ చెప్పొచ్చు.

టీచర్ లోపలికి వచ్చింది.

"టీచర్," అంది తూనీగ. "నాలుగో మడి లెక్క అబద్ధం."

* * *

టీచర్ కేకలెయ్యలేదు. మొత్తం విన్నాక కుర్చీలో కూర్చుని, చేతిలో సంచి కింద పెట్టడం కూడా మర్చిపోయి, కాసేపు గోడ మీది పట్టిక వైపు చూసింది. అది కేకలకంటే కష్టంగా ఉంది.

"నిన్న నేను అడిగినప్పుడు తల ఊపావు," అంది చివరికి.

"అవును టీచర్."

"పద."

పెద్ద మేడమ్ గదిలో తూనీగ మళ్ళీ మొత్తం చెప్పింది. రెండోసారి చెప్పడం మొదటిసారికంటే సులువుగా ఏమీ లేదు.

"అంటే ఆ మట్టిలో ప్రాణులున్నాయంటావా?" అడిగింది పెద్ద మేడమ్.

"తెలీదు మేడమ్."

"లేవంటావా?"

"అదీ తెలీదు. నేను చూడలేదు."

పెద్ద మేడమ్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "నిన్న ఆ కాగితం పట్టుకుని ఆయన్ని అందరి ముందూ నిలబెట్టాను," అంది. ఎవరితో అందో తెలియలేదు.

టీచర్ ముందుకు వంగింది. "మట్టి ఎండింది కానీ పాడవలేదండీ. ప్రాణులుంటే గుల్లల్లో పడుకుని ఉంటాయి. ఇప్పుడు తడిపితే సోమవారానికి లేస్తాయి. రెండో మడి డిష్ కూడా పక్కన పెడతాను. దాన్నీ ఆరబెట్టి, ఒకేసారి, అవే నీళ్ళతో తడుపుదాం. అప్పుడే పోల్చి చూడగలం."

"లెవ్వకపోతే?"

"లెవ్వకపోతే అదే రాద్దాం."

మధ్యాహ్నం బడి వదిలేముందు రెండు డిష్‌లూ తడిపారు. నాలుగో మడి మట్టి మీద తూనీగే నీళ్ళు పోసింది. చుక్క చుక్కగా, మట్టి మునగకుండా. మూత పెట్టి, సరిగ్గా కూర్చుందో లేదో మూడుసార్లు చూసింది.

ఆదివారం అంత పొడుగ్గా ఎప్పుడూ లేదు. ఆ పూట అమ్మకు అంతా చెప్పింది. తల దువ్వుతున్న అమ్మ దువ్వెన కాసేపు ఆగింది. "సోమవారం త్వరగా లేపుతాలే," అంది ఆ తర్వాత.

* * *

సోమవారం ఎనిమిదిన్నర. కమిటీ రావడానికి గంటన్నర ఉంది.

ల్యాబ్‌లో ముగ్గురున్నారు. టీచర్, తూనీగ, నిదానం. గుమ్మం బయట తోటమాలి తాత. లోపలికి రమ్మన్నా రాలేదు. పెద్ద మేడమే కబురుపెట్టి పిలిపించింది. తూనీగ ఆయన దగ్గరికి వెళ్ళి జరిగింది చెప్పింది. ఆయన ఆమె మొహంలోకి చూశాడు. "ఊఁ" అన్నాడు. అంతే.

"ఇద్దరూ ప్రతి చుక్కా లెక్కపెట్టాలి," అంది టీచర్. "ఒకరి కాగితం ఒకరు చూడకూడదు."

తూనీగ మొదటి చుక్క వేసింది. కన్ను ఆనించింది. పొగమంచు. మర తిప్పింది. ఇంకొంచెం. ఇసుక రేణువులు కనిపించాయి. ఏదీ కదల్లేదు. స్లైడ్ జరిపింది. ఏదీ లేదు. ఇంకొంచెం జరిపింది.

ఒక రేణువు వెనకనుంచి ఏదో తొంగిచూసింది.

చిక్కుడుగింజ ఆకారంలో ఉంది. గాజులా తెల్లగా, లోపల చిన్న చిన్న బుడగలతో. గుండ్రంగా తిరిగి, రేణువుకు ఢీకొని, వెనక్కి తగ్గి, మళ్ళీ దూసుకుపోయింది. ఇంత హడావిడిగా ఎక్కడికి పోతోందో!

"ఒకటి!" తూనీగ గట్టిగా అనేసింది.

"బయటికి అనకు," అన్నాడు నిదానం. "నా లెక్క పోతుంది."

రెండు. మూడు. ఒక మూలకు జరిపేసరికి గుంపు కనిపించింది. ఒకదాన్నొకటి తోసుకుంటూ తిరుగుతున్నాయి. లెక్క తప్పింది. తూనీగ కాగితం మీద ఉన్న గీతలన్నీ కొట్టేసి మొదటినుంచి మొదలుపెట్టింది. మెడ నొప్పి పుట్టింది. కింద మైదానంలో ఎవరో ఆమె పేరు పెట్టి పిలిచారు. ఆమెకు వినపడలేదు.

తొమ్మిదీ నలభైకి మూడు చుక్కలూ అయ్యాయి. టీచర్ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టింది. తూనీగకు ముప్ఫై ఒకటి, ఇరవై ఎనిమిది, ముప్ఫై ఆరు. నిదానానికి ముప్ఫై, ఇరవై ఎనిమిది, ముప్ఫై ఏడు. రెండో మడి చుక్కల్లో మాత్రం పన్నెండు దాటలేదు.

"ఉన్నాయి తాతా!" తూనీగ గుమ్మం దగ్గరికి పరిగెత్తింది. "చచ్చిపోలేదు! అన్నిటికంటే ఇక్కడే ఎక్కువ!"

తాత గోడకు ఆనుకున్నాడు. తుండు తీసి మొహం తుడుచుకున్నాడు. కానీ టీచర్ మొహంలో సంతోషం కంటే ఆశ్చర్యమే ఎక్కువగా ఉంది.

"మూడింతలు ఎందుకున్నాయి?" అంది తనలో తాను. "ఇంత గుంపుకి తిండి ఎక్కడిది? ఇవి తినేది బాక్టీరియాని. బాక్టీరియా ఎక్కువగా పెరిగేది..."

"ఏదన్నా కుళ్ళినచోట," అన్నాడు తాత బయటినుంచి.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

కమిటీ వాళ్ళు ముగ్గురూ పదింటికి వచ్చేసరికి పెద్ద మేడమ్ గదిలో ఎవరూ లేరు. అందరూ నాలుగో మడి చుట్టూ నిలబడి ఉన్నారు. తాత పార వేస్తున్నాడు. జానెడు లోతున మట్టి నల్లగా మారింది. ఇంకో జానెడు తవ్వేసరికి గుప్పుమని వాసన కొట్టింది. కమిటీలో ఒకాయన ముక్కుకు రుమాలు అడ్డుపెట్టుకున్నాడు. గుంటలోకి నీళ్ళు ఊరడం మొదలైంది.

తాత మోకాళ్ళ మీద కూర్చుని చేత్తో తడిమాడు. కాసేపటికి చెయ్యి ఆగింది. "పైపు," అన్నాడు. "చేతులు కడిగే కుళాయిల పైపు. అతుకు దగ్గర పగిలింది. నీళ్ళన్నీ ఇక్కడే ఇంకుతున్నాయి. వేళ్ళు కుళ్ళి చచ్చిపోయాయి మొక్కలు."

"గురువారమే తెలిసేది ఇది," అంది టీచర్ నెమ్మదిగా. తూనీగ వైపు చూడలేదు. చూడక్కర్లేదు.

పెద్ద మేడమ్ చీర కుచ్చిళ్ళు కాస్త పైకి పట్టుకుని, బురదలో అడుగులేసుకుంటూ తాత దగ్గరికి వెళ్ళింది. తాళంచెవి ఆయన చేతిలో పెట్టింది. "ఒక్క కాగితం చూసి అనేశాను. తొందరపడ్డాను," అంది. కమిటీ వాళ్ళ ముందే అంది.

తాత తాళంచెవి తాడుకు కట్టుకున్నాడు.

అందరూ వెళ్ళిపోయాక తూనీగ అక్కడే నిలబడింది. "తాతా, సారీ."

ఆయన పారకు అంటిన మట్టి గీకుతున్నాడు. "మూడు రోజులు నా మీద నాకే నమ్మకం పోయింది పాపా," అన్నాడు. కోపంగా అనలేదు. మామూలుగా అన్నాడు. "రాత్రి పడుకుంటే, ఆ డబ్బానా, ఈ డబ్బానా అని ఒకటే ఆలోచన. ఉద్యోగం పోతే పోయింది, బుర్ర పోయిందేమోనని భయమేసింది."

తూనీగ ఆయన గీకి పడేసిన మట్టిపెళ్ళలు ఒక్కొక్కటే ఏరి బుట్టలో వేసింది. ఆయన వద్దనలేదు.

* * *

పైపు బాగుచేశారు. నల్లమట్టి తీసి ఆరబెట్టి, కొత్త మట్టి కలిపి మడి నింపారు. మూడు వారాల తర్వాత ఒక గురువారం మళ్ళీ లెక్క పెట్టారు. నాలుగో మడి నాకే కావాలని తూనీగ అడిగి తీసుకుంది.

మధ్యాహ్నం బెల్లు అయిపోవస్తోంది. కిటికీ బయట వరండాలో తాత నిలబడి ఉన్నాడు. రెండు చేతులతో టమాటా నారు ట్రే పట్టుకున్నాడు. మడి కుదుటపడిందంటే ఈ పూటే నాటేస్తానని పొద్దున్నించీ చెప్తున్నాడు.

మొదటి చుక్కలో పదమూడు వచ్చాయి. రెండో చుక్కలో పదకొండు. మూడో చుక్క వేసి పైన పలచటి గాజుముక్క కప్పుతుండగా అది ఠప్పున విరిగింది. చుక్క పక్కకు కారిపోయింది. అప్పుడే గంట కొట్టారు. పిల్లలు క్లాసుల్లోకి పరిగెత్తుతున్నారు.

"ఎంతొచ్చాయి పాపా?" కిటికీలోంచి తాత ఆత్రంగా అడిగాడు. "తగ్గాయా?"

తూనీగ కాగితం వైపు చూసింది. పదమూడు, పదకొండు. మూడోది పన్నెండని ఎవరైనా చెప్పగలరు. ఆయన కళ్ళు ఆమె మొహం మీదే ఉన్నాయి. ట్రేలో నారు పచ్చగా నిగనిగలాడుతోంది.

"రెండు చుక్కలే అయ్యాయి తాతా," అంది. "మూడోది చూడలేదు. గాజు విరిగింది. రేపు పొద్దున్నే వచ్చి చూసి చెప్తా."

కాగితంలో మూడో చుక్క పక్కన 'చూడలేదు' అని రాసింది. అక్షరాలు గుండ్రంగా, పెద్దవిగా.

తాత ఒక్క క్షణం ట్రే వైపు చూసుకున్నాడు. తర్వాత తల ఊపాడు.

"సరే, రేపే చెప్పు," అని నారు ట్రే మళ్ళీ నీడలోకి మోసుకెళ్ళాడు.